14 క్లబ్బులు వద్దు మేడమ్, ముందు నాలుగింటిని బతికించండి

మేడమ్, నమస్తే. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతున్నారు, ఈ ఏడాది క్లబ్బుల బాధ్యత మీకు అప్పగించారు. కరస్పాండెంట్ గారు 14 క్లబ్బుల పేర్లు రాసిచ్చారు, అవి అడ్మిషన్ల బ్రోచర్లో అచ్చు కూడా అయిపోయాయి. పేరెంట్స్ మీటింగులో ఇద్దరు లేచి "ఇవన్నీ పెడితే మార్కుల సంగతేంటి?" అని నిలదీశారు. తోటి టీచర్లేమో ఇంకో పని నెత్తిన పడుతుందని ముఖం చాటేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు.

చిత్తూరులో, తిరుపతిలో కలిపి 26 ఏళ్లు ప్రైవేటు స్కూళ్లలో బయాలజీ చెప్పాను. అందులో 13 ఏళ్లు క్లబ్బులు నేనే చూశాను. కొన్ని బాగా నడిచాయి, కొన్ని నా కళ్ల ముందే ఆగిపోయాయి. ఆగిపోయిన వాటన్నిటిలో నాకు కనబడింది ఒకటే. అక్కడ పిల్లలు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు. ఏ పని చేయాలో మేమే చెప్పాం, డబ్బు మేమే ఖర్చు పెట్టాం, సెక్రటరీ ఎవరో మేమే రాసేశాం. అలాంటప్పుడు అది క్లబ్బు కాదు, ఇంకో పీరియడ్. పీరియడ్లు వాళ్లకు రోజుకు ఎనిమిది ఎలాగూ ఉన్నాయి.

ఇవన్నీ తర్వాత. అన్నిటికన్నా ముందు బస్సుల సంగతి చూడండి.

నేను మొదటి ఏడాది క్లబ్బులు లాంగ్ బెల్ తర్వాత పెట్టాను. 22 మంది పేర్లు ఇచ్చారు. మూడో వారానికి ఆరుగురు మిగిలారు. పిల్లలకు ఆసక్తి లేదని అనుకున్నాను, స్టాఫ్‌రూములో అదే మాట అన్నాను కూడా. ఒకరోజు ఎనిమిదో తరగతి కుర్రాడిని ఆపి ఎందుకు రావడం లేదని అడిగితే, "రేణిగుంట బస్సు వెళ్లిపోతుంది సార్" అన్నాడు. అప్పుడు వెళ్లి హాజరు చూసుకుంటే, మిగిలిన ఆరుగురూ బైరాగిపట్టెడ, కొర్లగుంట నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. చంద్రగిరి, ఏర్పేడు, పుత్తూరు వైపు నుంచి వచ్చే పిల్లలకు బస్సు తప్పితే ఇంటికి దారి లేదు. మన ఊళ్లో ప్రైవేటు స్కూలంటే సగం స్కూలు బస్సుల్లోనే ఉంటుంది మేడమ్. బెల్ తర్వాత పెట్టిన క్లబ్బు దగ్గర్లో ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

అందుకని శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి అడగండి. నోటిమాటగా కాదు, అచ్చయిన టైంటేబుల్లో కనబడాలి. లేదంటే ఆ పీరియడ్లు మొదట మ్యాథ్స్ సారుకు, తర్వాత స్లిప్ టెస్టుకు పోతాయి. నాకు జరిగిందే చెబుతున్నాను. ఒక స్కూల్లో దసరా సెలవుల తర్వాత మా క్లబ్బు పీరియడ్‌ని స్టడీ అవర్ చేశారు. ఎవరూ నాకు చెప్పలేదు. ఆ శనివారం పిల్లలు నోటు పుస్తకాలు పట్టుకుని వరండాలోకి వచ్చారు, వాళ్లను వెనక్కి పంపి కూర్చోబెట్టారు. "వచ్చే వారం ఉంటుంది లే" అని నేను చెప్పాను. వచ్చే వారమూ లేదు. సంక్రాంతి సెలవులయ్యాక వాళ్లు నన్ను అడగడం కూడా మానేశారు. ఆ మానేయడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అప్పటినుంచి నేనే ముందుగా తక్కువ అడుగుతున్నాను. జూన్‌లో బడి తెరిచాక రెండు వారాలు పేర్ల నమోదు, జులై మొదటి శనివారం నుంచి జనవరి నెలాఖరు వరకు క్లబ్బులు, అంతే. పదో తరగతి పిల్లలకు ఎస్ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్షలు) వరకే. ఆ తర్వాత వాళ్లను అడగను, వాళ్లంతట వాళ్లు వస్తే వద్దనను. ఇలా కాగితం మీద రాసి సంతకం అడిగితే ప్రిన్సిపాల్‌కీ నిబ్బరంగా ఉంటుంది. ఏడాదంతా అడిగి సగంలో పోగొట్టుకునే కంటే ఏడు నెలలు అడిగి పూర్తిగా నడపడం మేలు.

ఇక 14 సంగతి. బ్రోచర్లో వేసేశారు కాబట్టి కరస్పాండెంట్ గారితో వాదనకు దిగకండి. "ఈ ఏడాది నాలుగు మొదలుపెడతాను, అవి నిలబడితే వచ్చే ఏడాది ఇంకో మూడు" అని చెప్పండి. ఏ నాలుగు అన్నది జాబితాలోంచి కాకుండా మనుషుల్లోంచి తీయండి. ఏ టీచరుకు ఇంట్లో ఏ పని ఇష్టమో అడగండి. రోబోటిక్స్ క్లబ్బు అని పేరు పెట్టి, ఆ వస్తువులను ముట్టుకోవడానికే భయపడే మేడమ్‌ని ఇన్‌ఛార్జిగా వేస్తే ఆ పెట్టెకు తాళం పడుతుంది. అదే తెలుగు సారు పద్యం రాగం తీసి పాడగలిగితే పద్యాల క్లబ్బుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

టీచర్లనే కాదు, స్కూల్లో పనిచేసే అందర్నీ అడగండి. మా బస్సు డ్రైవరొకాయనది భాకరాపేట. తలకోన వైపు చెట్లన్నీ ఆయనకు పేరు పేరునా తెలుసు. నాకేమో లాటిన్ పేర్లు తెలుసు, చెట్టు ఎదురుగా ఉంటే తడుముకుంటాను. ఒక శనివారం ఆయన్ని క్లబ్బుకు పిలిచాను. చీపురుపుల్లతో మట్టిలో రెండు ఆకులు గీశాడు. "ఇది ఎర్రచందనం, ఒక్కో రెమ్మకు మామూలుగా మూడు ఆకులు. ఇది వేగిస, అయిదో ఏడో ఉంటాయి. రెండూ అన్నదమ్ములే పిలకాయలూ" అన్నాడు. నిజంగానే ఆ రెండూ ఒకే ప్రజాతికి (జీనస్) చెందిన చెట్లు. రోజూ బస్సులో తమను తిట్టే డ్రైవరన్న చుట్టూ పిల్లలు ఆ పూట మూగిపోయారు. ఆ తర్వాత బస్సులో గోల కూడా తగ్గిందని ఆయనే చెప్పాడు.

మీరు సైన్స్ టీచరు కాబట్టి పక్షుల క్లబ్బు గురించి కాస్త ఎక్కువ చెబుతాను. దానికి కావాల్సింది నోటు పుస్తకం, పెన్సిలు, ఓపిక. ఒక బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా ఆగదు. స్కూలు ఆవరణలో నాలుగు చెట్లుంటే గోరింకలు, పిగిలిపిట్టలు, జెముడుకాకి, తేనెపిట్టలు తప్పకుండా దొరుకుతాయి. ప్రతి శనివారం ఒకే చోట, ఒకే సమయంలో, 20 నిమిషాలు లెక్కపెట్టాలి. ఏటా ఫిబ్రవరిలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా పక్షుల లెక్క తీస్తారు. కనీసం 15 నిమిషాలు చూసి, ఏవి ఎన్ని కనబడ్డాయో ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే చాలు, ఎవరైనా పాల్గొనవచ్చు. మా క్లబ్బులు జనవరితో అయిపోయినా, దీనికి మాత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు పిల్లలను తీసుకునేవాణ్ని.

మా స్కూలు వెనక వాన నీళ్లు నిలిచే కుంట ఒకటి ఉండేది. ఒకసారి అక్కడ తెల్లగా పక్షులు వాలి ఉన్నాయి. ఎనిమిదో తరగతి సెక్రటరీ లెక్కపెట్టి "కొంగలు 9" అన్నాడు. నేను కూడా చూసి తొమ్మిదే అన్నాను. వాడు రాసేశాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది, శ్రీకాళహస్తి దగ్గర పల్లె నుంచి కొత్తగా చేరింది, క్లాసులో పేరు పిలిస్తే లేచి నిలబడేది గానీ నోరు విప్పేది కాదు. ఆ అమ్మాయి నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. "సార్, నాలుగే కొంగలు. మిగతావి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంది చూడండి" అంది. బైనాక్యులర్ పెట్టి చూశాను. అయిదింటికీ ముక్కు మధ్యలో సందు, అందులోంచి వెలుతురు కనబడుతోంది. నీకెట్లా తెలుసని అడిగితే "మా చెరువులో నత్తలు తింటాయి, మా తాత చెప్పాడు" అంది.

సెక్రటరీ కుర్రాడు 9ని అడ్డంగా కొట్టేసి, కింద 4, 5 అని విడిగా రాసి, పక్కన ఆ అమ్మాయి పేరు రాశాడు. నేను రాయమని చెప్పలేదు, వాడే రాశాడు. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ మరుసటి ఏడాది క్లబ్బు సెక్రటరీగా పిల్లలు ఆ అమ్మాయినే ఎన్నుకున్నారు.

మన దగ్గర ఇంకో సౌకర్యం ఉంది, చుట్టుపక్కల ఉన్నంత సంపద చాలా ఊళ్లకు లేదు. శ్రీకాళహస్తి కలంకారీ సంగతే చూడండి. గుడ్డను కరక్కాయ రసం, ఎనుము పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకకుండా గీత గీతలాగే నిలుస్తుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి నల్ల రంగు తయారు చేస్తారు. ఆ నీళ్లు గుడ్డ మీద పడగానే కరక్కాయలోని టానిన్‌తో కలిసి నల్లబడతాయి. మా ఆర్ట్ టీచరూ నేనూ కలిసి ఇది చేయించాం. కుండలో ఊరుతున్న ఇనుము వాసనకు మొదట ముక్కులు మూసుకున్న పిల్లలు, వెదురు కలం కొస నుంచి గీత నల్లబడుతుంటే ఊపిరి బిగబట్టి చూశారు. అది డ్రాయింగా, కెమిస్ట్రీయా అని అడిగితే నేను చెప్పలేను.

చరిత్ర క్లబ్బు ఉంటే చంద్రగిరి కోట ఉంది. ఊరికే చూసి రావడం కాకుండా ఏదైనా పని ఇచ్చి పంపండి. రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. కలప లేకుండా పైకప్పును ఎట్లా నిలబెట్టారో చూసి బొమ్మ గీయమంటే పిల్లలు గంటసేపు తల పైకెత్తే ఉంటారు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ ఉండదు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, అది చూసుకోండి. బయటికి ఎక్కడికి తీసుకెళ్లినా తల్లిదండ్రుల సంతకంతో ఉత్తరం, ఆడపిల్లలు ఉంటే ఒక మేడమ్ తోడు, బస్సులో ప్రథమ చికిత్స పెట్టె, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలల లెక్క. ఇందులో ఏ ఒక్కటీ వదలకండి. అలిపిరి వెళ్లే దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి కూడా ఇలాగే.

డబ్బు విషయానికి వస్తాను. చాలామంది టీచర్లు పిల్లల చేతికి డబ్బు ఇవ్వడానికి భయపడతారు. నేనూ చాలాకాలం నా టేబుల్ సొరుగులోనే పెట్టుకున్నాను. అది తప్పని తర్వాత తెలిసింది. మా సేవా క్లబ్బు పిల్లలు ఇళ్ల నుంచి పాత పేపర్లు తెచ్చి, కాటా వేయించి అమ్మారు. 1,860 రూపాయలు వచ్చాయి. వేసవి మొదలవుతుండగా గేటు బయట చలివేంద్రం పెడతామని వాళ్లే తీర్మానించారు. కుండలు, ఇసుక, గ్లాసులు కొన్నారు. చివర్లో లెక్క చూస్తే 60 రూపాయలు తక్కువ. ట్రెజరర్ తొమ్మిదో తరగతి కుర్రాడు. వాడి ముఖం నెత్తురు చుక్క లేకుండా అయిపోయింది. ఒక సారు అప్పటికప్పుడు వాణ్ని తీసేసి వేరేవాళ్లను పెట్టమన్నారు. నేను వద్దన్నాను. క్లబ్బు పిల్లలందరూ కింద కూర్చుని, కొన్న వస్తువులు ఒక్కొక్కటీ ఎదురుగా పెట్టుకుని, చిట్టాలో గీత గీత కలిపారు. అరగంట పట్టింది. కుండలు తెచ్చిన ఆటోకు ఇచ్చిన 60 రూపాయలు రాయలేదు, అంతే. అది పట్టుకున్నది కూడా ఆటోలో కుండలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆరో తరగతి పిల్ల.

ఆ రోజు పిల్లలే నియమం పెట్టుకున్నారు. ఏ ఖర్చుకైనా చీటీ ఉండాలి, చీటీ మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. నేను ఇంకొకటి చేర్చాను. నగదు ఆఫీసులో ఉంటుంది, పుస్తకం పిల్లల దగ్గర ఉంటుంది, రెండూ నెలకోసారి సరిచూడాలి. 2,000 రూపాయలు దాటితే ప్రిన్సిపాల్ సంతకం. మీ స్కూల్లో కూడా దాదాపు ఇలాగే పెట్టుకోవచ్చు. క్లబ్బు పేరు మీద పిల్లల దగ్గర ఫీజు మాత్రం వసూలు చేయనివ్వకండి. ఫీజు పెట్టిన రోజు నుంచి కట్టలేని పిల్లలు ఆసక్తి లేదని అబద్ధం చెప్పడం మొదలుపెడతారు.

సెక్రటరీని ఎన్నుకోవడం గురించి అడిగారు. ప్రైవేటు స్కూళ్లలో హెడ్ బాయ్, హెడ్ గర్ల్ అంటే ర్యాంకు వచ్చినవాళ్లను వేసేస్తారు. దాన్ని మొదటి ఏడాదే మార్చాలని పట్టుబట్టకండి, అనవసరంగా గొడవ అవుతుంది. క్లబ్బు సెక్రటరీలను మాత్రం క్లబ్బు పిల్లలే ఓటేసి ఎన్నుకుంటారని మాట తీసుకోండి. నామినేషన్ కాగితం, దాని మీద బలపరిచేవాళ్ల సంతకం, ఉపసంహరణకు ఒకరోజు గడువు, ఒక్కొక్కరికి రెండు నిమిషాల మాట, మడిచిన చీటీ, అట్టపెట్టె. సోషల్ టీచరుకు ఇది పాఠమే కాబట్టి ఆయన సంతోషంగా ముందుకొస్తారు. లెక్కింపు అందరి ఎదుటా చేయండి. ఓడిపోయిన పిల్లకు అదే రోజు ఏదో ఒక బాధ్యత ఇవ్వండి, సోమవారం దాకా ఆగకండి.

ఎన్‌సీసీ, స్కౌట్స్ అండ్ గైడ్స్ ఈ లెక్కలోకి రావు. వాటికి సొంత నియమాలు, శిక్షణ పొందిన టీచరు, విడిగా అనుమతులు ఉంటాయి. ఉంటే అదృష్టం, లేకపోతే క్లబ్బులు నిలదొక్కుకున్నాక దరఖాస్తు చేయించండి. రోటరీ వాళ్ల ఇంటరాక్ట్ క్లబ్ 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకు. ఊళ్లో రోటరీ సభ్యులెవరైనా మీ పేరెంట్స్‌లోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

పోటీల విషయంలో ఒక్క మాట. పిల్లల కొత్త ఐడియాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు ఐడియా ఎంపికైతే నమూనా తయారీకి విద్యార్థి ఖాతాలోకే 10,000 రూపాయలు వస్తాయి. బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలకు, అక్కడ సొంత ఊరి సమస్యను పరిశోధించాలి. రెండూ మంచివే. కానీ ప్రాజెక్టును బయట డబ్బులిచ్చి చేయించి, పిల్లవాడి చేత బట్టీ పట్టించి నిలబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. జడ్జి రెండో ప్రశ్న అడగగానే ఆ పిల్లవాడు వెనక్కి తిరిగి టీచరు వైపు చూస్తాడు. ఆ చూపు నేను చాలాసార్లు చూశాను, నాకు మనసు కలుక్కుమనేది. మీ స్కూలు బహుమతి లేకుండా వచ్చినా పర్వాలేదు, ఆ పని మాత్రం చేయనివ్వకండి.

పేరెంట్స్‌కు ఏం చెప్పాలని అడిగారు. క్లబ్బుల వల్ల మార్కులు పెరుగుతాయని మాత్రం చెప్పకండి. పెరగకపోతే మీ మాట పోతుంది. లెక్క చెప్పండి: వారానికి 48 పీరియడ్లలో రెండు ఇవి, పదో తరగతికి ఎస్ఏ-1 తర్వాత అవి కూడా లేవు. జాతీయ విద్యా విధానం 2020లోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య బ్యాగు లేని పది రోజులు ఉండాలని రాశారని చెప్పండి. ఆ తర్వాత మాటలు ఆపేసి క్లబ్బు పుస్తకం వాళ్ల చేతిలో పెట్టండి. నాతో బాగా గొడవపడిన తండ్రి ఒకాయన ఉన్నారు, గాంధీ రోడ్డులో షాపు. కొడుకు రాసిన చిట్టాను వేలితో కూడుకుంటూ చివరిదాకా చదివారు. చదివి "ఇది వాడే రాశాడా?" అన్నారు. తర్వాతి మీటింగులో ఆయన ఏమీ అడగలేదు, వాళ్ల షాపు నుంచి పాత అట్టపెట్టెలు మాత్రం పంపించారు.

ఇక మీరు చివర్లో అడిగిన రికార్డు పుస్తకం. ఆఫీసు ఫార్మాట్లు వద్దు, గీతలున్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎడమ పేజీలో తేదీ, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. ఆ చివరిది తప్పకుండా రాయించండి, బస్సు సంగతి నాకు తెలిసింది ఆ ఒక్క ప్రశ్న వల్లే. కుడి పేజీలో ఆ రోజు ఏం చేశారు, డబ్బు ఖర్చయితే ఎంత, వచ్చే శనివారం ఎవరు ఏం తీసుకురావాలి. రాసేది పిల్లలే, వారానికొకరు చొప్పున. అక్షరదోషాలు ఎర్ర పెన్నుతో దిద్దకండి. మీరు పెట్టాల్సింది కింద ఒక్క సంతకమే. అది కూడా వాళ్లు రాసింది వాళ్ల చేతే పైకి చదివించి, అందరూ ఒప్పుకున్నాక పెట్టండి.